అప్పుల కౌన్సెలింగ్‌కు వెళ్తే ఏం మారుతుంది, ఏం మారదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నెలకు చేతికొచ్చే జీతం 48,000. పర్సనల్ లోన్ ఈఎంఐ 10,547. ఒక క్రెడిట్ కార్డు మీద 1,20,000, ఇంకో కార్డు మీద 45,000 బాకీ. తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసిచ్చి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష. ఒక కార్డు గీకి ఇంకో కార్డు కడుతున్నారు, రాత్రిళ్లు నిద్ర లేదు. అప్పుల మీద సలహా ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తే నిజంగా బాగుపడతామా, లేక ఫీజు దండగేనా అని అడిగారు.

బాగుపడతారు, కానీ ఒక షరతు ఉంది. ఆ సలహా వల్ల వడ్డీ రేటైనా తగ్గాలి, అప్పుల సంఖ్యైనా తగ్గాలి, వసూలు వాళ్ల ఒత్తిడైనా ఆగాలి. ఈ మూడింటిలో ఒక్కటీ జరగకుండా “ఖర్చులు తగ్గించుకోండి, లెక్కలు రాసుకోండి” దగ్గర ఆగిపోతే ఒరిగేదేమీ ఉండదు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. అమెరికాలో కార్డు అప్పులున్నవాళ్ల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. కౌన్సెలింగ్ సంస్థలకు వచ్చినవాళ్లలో లాటరీ పద్ధతిన కొందరికి వడ్డీ మరింత తగ్గించారు, కొందరికి గడువు పొడిగించి నెలవారీ కట్టుబడి తగ్గించారు. వడ్డీ తగ్గినవాళ్ల ఆర్థిక స్థితి, ఉద్యోగాల పరిస్థితి మెరుగుపడ్డాయి. ఆ తగ్గింపు లాభం చేతికందేది మూడు నుంచి ఐదేళ్ల తర్వాతే అయినా ఫలితం కనిపించింది. నెలవారీ మొత్తం వెంటనే తగ్గినవాళ్లకు మాత్రం అలాంటి మేలు కనిపించలేదు. మనకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది: బ్యాంకు ముందుగా ఇవ్వజూపేది టెన్యూర్ (అప్పు తీర్చే గడువు) పెంచి ఈఎంఐ తగ్గించడమే. అది ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది గానీ, అప్పును తీర్చే మందు రేటు తగ్గింపే.

మనశ్శాంతి సంగతికి సింగపూర్ అధ్యయనం చూడాలి. 2019లో వచ్చింది. ఏళ్ల తరబడి అప్పుల్లో ఉన్న 196 మంది పేదవాళ్ల బాకీలను ఒక సేవాసంస్థ తీర్చింది. దానికి ముందూ, తీర్చిన మూడు నెలల తర్వాతా వాళ్లను పరీక్షించారు. ఆందోళన తగ్గింది, ఏకాగ్రత అవసరమైన పరీక్షల్లో తప్పులు తగ్గాయి. మాఫీ అయిన మొత్తం ఒకటే అయినా, ఎక్కువ ఖాతాలు పూర్తిగా మూతపడినవాళ్లలో మార్పు ఎక్కువ కనిపించింది. తలకెక్కిన బరువు ఎన్ని లక్షలన్నదాని కంటే, ఎంతమందికి ఏ తేదీన కట్టాలో గుర్తుపెట్టుకోవాల్సి రావడంలోనే ఎక్కువ ఉందన్నమాట.

మన దేశంలో అహ్మదాబాద్‌లో పేద కుటుంబాల మీద జరిగిన ప్రయోగం కూడా ఇటువైపే చూపిస్తుంది. డబ్బు విషయాల మీద పాఠాలు మాత్రమే చెబితే నడవడిక పెద్దగా మారలేదు. లక్ష్యం పెట్టించి, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడినప్పుడు మారింది. ఊళ్లో శిబిరం పెట్టి కరపత్రాలు పంచితే కౌన్సెలింగ్ అయిపోదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక మీ లెక్కకు వద్దాం. మొదటి సిట్టింగ్‌లో మంచి సలహాదారు చేసే పని ఇదే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మీరిచ్చిన ఖర్చులు: అద్దె 11,000, బియ్యం, సరుకులు, పాలు, కూరలు, గ్యాస్ కలిపి 10,500, స్కూలు 4,000, మందులు 1,500, పెట్రోలు 2,500, కరెంటు, ఫోన్లు 2,500. మొత్తం 32,000. అప్పులకు మిగిలేది 16,000. కట్టాల్సిందేమో: పర్సనల్ లోన్ 10,547, పెద్ద కార్డు మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సింది) బాకీలో 5 శాతం చొప్పున 6,000, చిన్న కార్డుకు 2,250, నోటు వడ్డీ 3,000. కలిపితే 21,797. ప్రతి నెలా 5,797 తక్కువ. ఆ తక్కువే కార్డు గీకుడుగా మారుతోంది. ఇది మీ క్రమశిక్షణ లోపం కాదు, కూడికలోనే ఉన్న లోటు. టీ, సినిమా మానేసి దీన్ని పూడ్చలేరు.

పెద్ద కార్డును దగ్గరగా చూడండి. నెలకు మూడున్నర శాతం చొప్పున 1,20,000 మీద వడ్డీ 4,200. దాని మీద 18 శాతం జీఎస్టీ 756. మీరు కట్టే 6,000లో 4,956 అక్కడికే పోతుంది, అసలులో తగ్గేది 1,044. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డుతో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. అందుకే బాకీ ఉన్న కార్డుతో పాల ప్యాకెట్ కూడా కొనకూడదు. యాప్‌లలో, షాపింగ్ సైట్లలో సేవ్ చేసి ఉన్న కార్డు వివరాలు ఈరోజే తీసేయండి.

ఇప్పుడు మార్చగలిగినవి. పెద్ద కార్డు బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. 18 శాతానికి 36 నెలలకు ఒప్పుకుంటే ఈఎంఐ 4,338, మొదటి నెల వడ్డీ మీద జీఎస్టీ 324, మొత్తం 4,662. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడగండి. ఈ సదుపాయం సాధారణంగా వాయిదాలు తప్పనివాళ్లకే వస్తుంది. చాలామంది రెండు మూడు నెలలు ఎగ్గొట్టాక అడుగుతారు, అప్పటికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. సలహా ఆలస్యమైతే పనిచేయకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

నోటు అప్పు, చిన్న కార్డు కలిపి 1,45,000. ఇంట్లో బంగారం ఉందని రాశారు. దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి ఏడాదికి 12 శాతానికి ఆ మొత్తం తెస్తే నెల వడ్డీ 1,450. ఇప్పుడు ఆ రెండింటికీ వడ్డీ రూపంలోనే 4,858 పోతోంది. తాకట్టు దారిలో మీ నెల మొత్తం 10,547, 4,662, 1,450 కలిపి 16,659. లోటు 5,797 నుంచి 659కి దిగింది, కానీ పోలేదు. పైగా అసలు అలాగే ఉంటుంది, గడువుకు కట్టలేకపోతే బంగారం వేలానికి వెళ్తుంది. అదే బంగారం అమ్మేసి ఆ రెండూ తీర్చేస్తే నెలకు 15,209. లోటు పూర్తిగా పోయి 791 మిగులుతుంది. కట్టాల్సిన చోట్లు నాలుగు నుంచి రెండుకు వస్తాయి. నగ అమ్మడమంటే ఇంట్లో ఎంత నొప్పో తెలుసు. అయినా నెలనెలా లోటున్న ఇంటికి నా సలహా అమ్మమనే. లోటు లేకుండా వడ్డీ మాత్రమే ఎక్కువైన ఇంటికైతే తాకట్టు చాలు.

ఆ 791తో మాత్రం ప్లాన్ నిలవదు. ఇలాంటి ప్లాన్లు చాలావరకు మూడు నాలుగు నెలల్లో కూలిపోయేది ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర: జూన్‌లో స్కూలు పుస్తకాలు, బండి ఇన్సూరెన్స్, సంక్రాంతికి ఊరి ప్రయాణం, దగ్గరివాళ్ల పెళ్లి. వాటన్నిటినీ కూడి 12తో భాగించి నెల ఖర్చుల్లో కలపాలి. 24,000 అయితే నెలకు 2,000. ఖర్చుల కోత మాట ఇక్కడ తేవాలి, ఈ 2,000 ఎక్కడినుంచి అన్న ప్రశ్నకు జవాబుగా. అది కూడా దొరక్కపోతే పర్సనల్ లోన్ టెన్యూర్ పొడిగింపు అడగొచ్చు. అప్పుడు అది సరైన వాడకం.

అప్పుల జాబితా రాసేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర డ్వాక్రా సంఘం అప్పో, చీటీ పాడుకున్న బాకీనో, లోన్ యాప్‌లో పదివేలో ఉండడం మామూలే. అది రెండో నెలలో బయటపడితే లెక్కా పోతుంది, ఇంట్లో నమ్మకమూ పోతుంది. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ అప్పుల కోసం క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ దాన్ని ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. నోట్ల మీద తెచ్చినవి, చేబదుళ్లు వాటిలో కనిపించవు, మీరే రాయాలి.

నోటు అప్పు తీర్చేటప్పుడు జాగ్రత్త. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. మధ్యలో కట్టిన డబ్బుకు నోటు వెనక చెల్లు రాసి మీరు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. పూర్తిగా కట్టిన రోజే అసలు నోటు, గ్యారంటీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోండి. “బీరువాలో ఉంది, రేపిస్తాను” అంటే ఆ రేపటివరకు ఆఖరి పదివేలు ఆపుకోండి. తీరిపోయిన నోటు మీద కోర్టు నోటీసు వచ్చే కేసులు మన కోర్టుల్లో కొత్తేం కాదు.

ఇక “లోన్ సెటిల్‌మెంట్” చేయిస్తామని ఫోన్లు చేసే కంపెనీల గురించి. మీరు ఫీజు దండగ అని భయపడుతున్నది బహుశా వీళ్ల గురించే, ఆ భయం సరైనదే. పద్ధతి ఒకేలా ఉంటుంది: ఈఎంఐలు ఆపేయండి, ఆ డబ్బు మా దగ్గర జమచేయండి, సగానికి సెటిల్ చేయిస్తాం, ఫీజు ముందుగా ఇవ్వండి. సెటిల్‌మెంట్ ఒప్పుకోవాలన్న నియమం ఏ బ్యాంకుకూ లేదు. మీరు ఆపేశాక 90 రోజులకు ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆటో డెబిట్ బౌన్స్ అయితే చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ కింద, చెక్కు బౌన్స్‌కు ఉన్నట్టే, క్రిమినల్ కేసు వేసే వీలుంది. జీతం ఖాతా అదే బ్యాంకులో ఉంటే పడిన జీతంలోంచే బాకీ జమ చేసుకోవచ్చు. ఈలోగా ఆ కంపెనీ మీ తరఫున ఒక ఈమెయిల్ పంపి ఊరుకుంటుంది.

సెటిల్‌మెంట్ అసలు వద్దని కాదు. ఉద్యోగం పోయి, ఆరోగ్యం దెబ్బతిని, అమ్మడానికి ఏమీ లేనివాళ్లకు అదే దారి. అప్పుడు మీరే నేరుగా బ్యాంకుతో మాట్లాడొచ్చు. ఎంత, ఏ తేదీలోపు, కట్టాక ఇంకేమీ బాకీ ఉండదు అన్న మూడూ ఉన్న లెటర్ బ్యాంకు నుంచి వచ్చాకే డబ్బు కట్టండి, అదీ లోన్ ఖాతాలోకే. ఏజెంట్ ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా వద్దు. ఆ తర్వాత క్రెడిట్ రిపోర్టులో “క్లోజ్డ్” బదులు “సెటిల్డ్” అని పడుతుంది. 2023 జూన్‌లో ఆర్బీఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యవసాయేతర అప్పుల్లో ఇలా రాజీపడినవాళ్లకు ఆ సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు. మీ కేసులో జీతం ఉంది, బంగారం ఉంది. మీకు సెటిల్‌మెంట్ సూచించేవాడు మీ లెక్క చూడలేదన్నమాటే.

సలహా ఎక్కడ దొరుకుతుంది? 2009లో ఆర్బీఐ ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలకు నమూనా పథకం ఇచ్చింది. ఆ సేవ ఉచితంగా ఉండాలని అందులోనే ఉంది. మీ జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్ కార్యాలయంలో అడిగితే దగ్గర్లోని ఆర్థిక అక్షరాస్యత కేంద్రం చెబుతారు. అక్కడి కౌన్సెలర్ లెక్క వేయడంలో, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో చెప్పడంలో సాయపడగలరు. మీ తరఫున బ్యాంకుతో బేరమాడతారని మాత్రం ఆశపెట్టుకోకండి. కోర్టు నోటీసు దాకా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోన్ నంబర్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సాయం ఉంటుంది. లోక్ అదాలత్‌కు పిలుపొస్తే చాలామంది హడలిపోతారు. అది రాజీ వేదిక, ఒప్పుకోకపోతే లేచి రావచ్చు. కానీ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కట్టలేని మొత్తానికి మొహమాటంతో సంతకం పెట్టొద్దు.

నిద్ర పట్టకపోవడానికి సగం కారణం భయం, ఆ భయంలో చాలాభాగం చట్టం తెలియకపోవడం వల్ల. అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. పేదరికం వల్ల కట్టలేనివాడిని జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. స్తోమత ఉండి ఎగ్గొడితే వేరు, చెక్కు బౌన్స్ వేరు. డిక్రీ వచ్చినా జీతం మొత్తం పట్టుకుపోరు: మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. పీఎఫ్‌ను అసలు ముట్టుకోలేరు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత. బంధువులకు, ఆఫీసుకు ఫోన్ చేసి పరువు తీయడం, బెదిరించడం ఆర్బీఐ నిబంధనలకు విరుద్ధం. ఏ రోజు, ఎన్నింటికి, ఏ నంబర్, ఏమన్నారు అన్నవి ఒక పుస్తకంలో రాసి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు, ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448. ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపే లోన్ యాప్‌లకు ఇంత మర్యాద అక్కర్లేదు, నేరుగా 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

“ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే పోతుంది కదా” అని మన దగ్గర ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద అది నిజంగా ఉన్న దారే. కోర్టు దివాలా ప్రకటించాక, అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా మీ మీద దావా వేయలేరు. అయితే తనఖా ఉన్న అప్పులకు ఈ రక్షణ లేదు. ముందుగా ఆస్తి భార్య పేరునో బావమరిది పేరునో రాసి పెట్టేస్తే, రెండేళ్ల లోపు జరిగిన అలాంటి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. ఉన్న ఆస్తి కోర్టు నియమించే అధికారి చేతికి వెళ్తుంది. జీతంతో మూడేళ్లలో తీరే అప్పుకు ఇది చాలా పెద్ద మూల్యం.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మే నుంచి అప్పుల సలహాదారు ద్వారా దరఖాస్తు చేస్తే 60 రోజులు చాలావరకు వడ్డీలు, వసూళ్లు ఆగిపోయే పథకం ఉంది. మనకు అలాంటి చట్టబద్ధమైన విరామం లేదు. అందుకే మన దగ్గర సలహా ఎంత మంచిదైనా మొదటి రెండు నెలలు ఫోన్లు ఆగవు, మనసుకు ఊరట కూడా ఆలస్యంగానే వస్తుంది. ఇది ముందే తెలిస్తే “సలహా పనిచేయలేదు” అని మధ్యలో వదిలేయరు. నిద్రలేమి రెండు వారాలు దాటినా, ఇక బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. అప్పు లెక్క కోసం ఆగకుండా, ముందు ఆ ఫోన్ చేయండి.

ఈ వారం చేయాల్సిన పని వరస చెబుతాను. క్రెడిట్ రిపోర్టులు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, రెండు కార్డుల తాజా బిల్లులు, లోన్ ఖాతా స్టేట్‌మెంట్ ఒక ఫైల్లో పెట్టండి. పెద్ద కార్డు ఈఎంఐ మార్పు వచ్చే డ్యూ డేట్ లోపే అడగండి. బంగారం అమ్మకం ఖాయం చేసుకుంటే ముందు చిన్న కార్డు, వెంటనే నోటు తీర్చండి. నోటు వడ్డీ నెలకు 3 శాతమే, కార్డుది జీఎస్టీతో కలిపి 4.13 శాతం. చిన్న కార్డు బాకీ తీరాక కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. అడిగిన ఏడు పని దినాల్లో మూయకపోతే, బాకీ ఏమీ లేనప్పుడు, ఆ తర్వాత రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి. నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఆ కార్డుకు ఉన్న ఆటో డెబిట్ రద్దు చేయించండి. రెండు నెలల తర్వాత మళ్లీ క్రెడిట్ రిపోర్టు చూడండి. బాకీ ఇంకా కనిపిస్తుంటే బ్యాంకుకూ, క్రెడిట్ బ్యూరోకూ రాయండి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 చొప్పున పరిహారం అడిగే హక్కు మీకుంది.